నునుపు చూసి మోసపోకండి: నాయిస్, షార్పెనింగ్ సాఫ్ట్‌వేర్‌పై పాఠకుల ప్రశ్నలు

ఫోటోలలో నాయిస్ (వెలుతురు చాలనప్పుడు కనిపించే రవ్వలు, మచ్చలు) తగ్గించే, షార్ప్‌నెస్ పెంచే ఆటోమేటిక్ సాఫ్ట్‌వేర్‌ను ఎలా ఎంచుకోవాలన్న విషయంపై వచ్చిన ఉత్తరాలలో దగ్గరదగ్గరగా ఉన్నవాటిని కలిపి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఫలానాది కొనుక్కోండని ఒక్క పేరు చెప్పమని చాలామంది అడిగారు. ఆ పేరు ఈ పేజీలో దొరకదు. కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ తారుమారయ్యే వరుసలో ఈ నెల ముందున్నది వచ్చే ఏడాదికి ఎక్కడుంటుందో చెప్పలేం. ఎవరికి వారు పరీక్షించుకునే పద్ధతి మాత్రం అంత తొందరగా పాతబడదు.

ప్రశ్న: నేను వేదికల మీద జరిగే నృత్య, నాటక ప్రదర్శనలను ఫోటోలు తీస్తాను. ఐఎస్ఓను (వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 6400 కంటే తగ్గించే అవకాశం ఉండదు. మూడు సాఫ్ట్‌వేర్‌ల ట్రయల్ వెర్షన్లు తెచ్చుకుని ఒకే ఫోటోను మూడింటిలోనూ నడిపించాను. మూడూ బాగానే ఉన్నాయనిపించింది. అన్నింటికంటే నునుపుగా వచ్చిన దానిని కొందామనుకుంటున్నాను. ఇది సరైన పద్ధతేనా?

జవాబు: కాదు. నునుపుదనాన్ని కొలబద్దగా పెట్టుకుంటే ఎప్పుడూ ఎక్కువ తుడిచేసిన సాఫ్ట్‌వేరే గెలుస్తుంది. నాయిస్‌తో పాటు బట్ట నేతను, చర్మం మీది సన్నని గీతలను, విడివిడిగా ఉన్న వెంట్రుకలను కూడా తుడిచేస్తే ఫోటో ఇంకా నునుపుగానే కనిపిస్తుంది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఈ రంగంలో రోజూ రుజువవుతూ ఉంటుంది. అందువల్ల ఫలితం ఎంత శుభ్రంగా ఉందని కాక, ఈ సాఫ్ట్‌వేర్ ఉన్నదానిలో ఏం తీసేసింది, లేనిదానిని ఏం చేర్చింది అని అడగాలి.

పరీక్షకు ముందు నాయిస్ ఎక్కడి నుంచి వస్తుందో తెలిసి ఉండడం మంచిది. సెన్సర్ మీద పడే వెలుతురు ఫోటాన్ల రూపంలో, అంటే విడివిడి రేణువులుగా వస్తుంది. వాటి రాకలో సహజంగానే హెచ్చుతగ్గులుంటాయి. సగటున 100 ఫోటాన్లు అందే పిక్సెల్‌లో ఈ హెచ్చుతగ్గు 10 దాకా, అంటే పదో వంతు ఉంటుంది. 10,000 ఫోటాన్లు అందే పిక్సెల్‌లో అది 100, అంటే నూరో వంతు మాత్రమే. నీడలలో నాయిస్ కొట్టొచ్చినట్టు కనిపించడానికి, వెలుగు భాగాలలో అంతగా తెలియకపోవడానికి కారణం ఇదే. ఐఎస్ఓ అంకె పెంచడం వల్ల నాయిస్ పుడుతుందని చాలామంది అనుకుంటారు కానీ అసలు కారణం సెన్సర్‌కు వెలుతురు తక్కువ అందడం. సంకేతాన్ని చదివేటప్పుడు ఎలక్ట్రానిక్ భాగాలు చేర్చే నాయిస్ దానికి అదనం. ఒక పిక్సెల్ అసలు విలువ ఎంత ఉండాలో ఫైల్‌లో ఎక్కడా రాసి ఉండదు కాబట్టి, ఏ పేరుతో అమ్మినా, ఈ సాఫ్ట్‌వేర్ చేసేది అంచనా వేయడమే.

అంచనా ఎంత సరైనదో తేల్చాలంటే నిజమేమిటో మన దగ్గర ఉండాలి. కెమెరాను ట్రైపాడ్ మీద బిగించి, కదలని వస్తువులను ఒకసారి ఐఎస్ఓ 100, షట్టర్ 2 సెకన్లతోనూ, మరోసారి ఐఎస్ఓ 6400, షట్టర్ సెకనులో 30వ వంతుతోనూ తీయండి. రెండింటికీ ఆరు స్టాప్‌ల (ఒక్కో స్టాప్ అంటే రెట్టింపు లేదా సగం) తేడా ఉన్నా ఫోటో వెలుగు ఇంచుమించు ఒకటే ఉంటుంది. అపర్చర్, ఫోకస్, దీపాలు మారకూడదు. వస్తువుల ఎంపికలో కొంచెం శ్రద్ధ పెట్టండి: ముతక నేత ఉన్న ఎర్ర బట్ట, చిన్న అక్షరాలున్న కాగితం, ఉన్ని లేదా బొచ్చు ఉన్న వస్తువు, సాదా గోడ, బాగా చీకటిగా ఉన్న ఒక మూల ఉండాలి. ఎర్ర బట్ట ఎందుకంటే, కోడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ 1970లలో రూపొందించిన, ఇప్పటికీ చాలా కెమెరాల సెన్సర్ మీద ఉన్న రంగు ఫిల్టర్ల నమూనాలో ప్రతి నాలుగు పిక్సెళ్ళలో రెండు ఆకుపచ్చకు, ఒకటి ఎరుపుకు, ఒకటి నీలానికి కేటాయించి ఉంటాయి. మిగిలిన రంగుల విలువలన్నీ చుట్టుపక్కల పిక్సెళ్ళను చూసి ఊహించినవే. ఎర్ర బట్ట మీది నేతను కాపాడగలిగిన సాఫ్ట్‌వేర్ మిగతాచోట్ల తేలిగ్గానే నెగ్గుకొస్తుంది.

ఇప్పుడు ఐఎస్ఓ 6400 ఫైల్‌ను మూడు సాఫ్ట్‌వేర్‌లలోనూ శుభ్రం చేసి, ఐఎస్ఓ 100 ఫైల్ పక్కన పెట్టి చూడండి. నేత పోగుల దిశ, అక్షరాల ఆకారం, నీడలోని రంగు ఏ ఫలితంలో అసలుకు దగ్గరగా ఉన్నాయో వెంటనే తెలుస్తుంది.

ఇంకో పరీక్షకు రెండు ఫోటోలు కూడా అక్కర్లేదు. ఫోటోషాప్‌లో గానీ గింప్‌లో గానీ అసలు ఫోటోను కింది లేయర్‌గా, శుభ్రం చేసిన దానిని పై లేయర్‌గా పెట్టి, పై లేయర్ బ్లెండ్ మోడ్‌ను డిఫరెన్స్‌కు మార్చండి. తెర దాదాపు నల్లగా అవుతుంది. లెవెల్స్‌తో వెలుగు బాగా పెంచితే సాఫ్ట్‌వేర్ తీసేసినదంతా బయటపడుతుంది. ఏ ఆకారమూ లేని రవ్వలు మాత్రమే కనిపిస్తే అది తన పని తాను చేసినట్టు. కనురెప్పల వంపు, అక్షరాల గీతలు, బట్ట మడతలు అందులో దర్శనమిస్తే నాయిస్‌తో పాటు ఫోటోను కూడా తీసేసినట్టు. 2005లో నాన్-లోకల్ మీన్స్ పద్ధతిని ప్రతిపాదించిన బ్యుయాడెస్, కోల్, మోరెల్ అనే పరిశోధకులు ఈ మిగులుకు ‘మెథడ్ నాయిస్’ అని పేరు పెట్టి, నాయిస్ తీసే పద్ధతుల మంచిచెడ్డలను దానితోనే బేరీజు వేశారు. ఇంత పాత, ఇంత సులువైన పరీక్షను సమీక్షలు రాసేవారు ఎందుకు అంత అరుదుగా వాడతారో నాకు అంతుపట్టదు.

ఈ పరీక్షలో రెండు చిక్కులున్నాయి. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు రా ఫైల్ (సెన్సర్ నమోదు చేసిన ముడి సమాచారం) తెరవగానే లెన్స్ వంపును సరిచేస్తాయి. అప్పుడు రెండు లేయర్లు ఒకదానిపై ఒకటి సరిగా కూర్చోక ప్రతి అంచూ తేడాగా కనిపిస్తుంది. ఆ దిద్దుబాటును ఆపేయాలి, లేదా రెండింటికీ ఒకేలా ఉంచాలి. రెండో చిక్కు ఇంకా పెద్దది. నాయిస్ తీసే సాఫ్ట్‌వేర్‌లు చాలావరకు పనిలో పనిగా షార్ప్‌నెస్, కాంట్రాస్ట్ కూడా ఒక మెట్టు పెంచుతాయి, పక్కపక్కన పెట్టి చూసినప్పుడు మన కన్ను వాటికే ఓటు వేస్తుంది. షార్పెనింగ్ స్లైడర్లన్నింటినీ సున్నాకు దించాకే పోలిక మొదలుపెట్టండి. లైట్‌రూమ్ రా ఫైళ్ళకు షార్పెనింగ్ 40, కలర్ నాయిస్ 25 అని తనంతట తానే పెట్టుకుంటుందన్న సంగతి ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నవారిలో కూడా కొందరికి తెలియదు.

చివరగా, ఫోటోను ఏ సైజులో వాడతారో ఆ సైజులోనే తీర్పు చెప్పండి. 400 శాతానికి పెంచి చూస్తే ప్రతిదీ లోపంగానే కనిపిస్తుంది. 6000 పిక్సెళ్ళ వెడల్పున్న ఫోటోను 2000కు కుదిస్తే తొమ్మిది పిక్సెళ్ళు కలిసి ఒకటవుతాయి. సగటు తీసినప్పుడు నాయిస్ సుమారు మూడో వంతుకు పడిపోతుంది. తెర మీద చూసుకోవడానికి మాత్రమే పంపే ఫోటోలైతే మీకు ఈ కొనుగోలే అవసరం లేకపోవచ్చు. పెద్ద ప్రింట్లు వేయించేవారి సంగతి వేరు.

ట్రైపాడ్ పరీక్ష అయ్యాక మీ సొంత ప్రదర్శన ఫోటోలలో బాగా వచ్చినవాటిని కాక, బాగా ఇబ్బంది పెట్టినవాటిని ఎంచుకుని నడిపించండి. ఫలితాల ఫైళ్ళ పేర్లు మార్చి పెట్టమని ఇంట్లోవారిని అడగండి. ఏది ఏ సాఫ్ట్‌వేర్‌దో తెలిసి చూస్తే ఎవరి కన్నూ నిష్పక్షపాతంగా ఉండదు.

ప్రశ్న: ఇప్పుడు ప్రతి సాఫ్ట్‌వేర్ పేరు పక్కనా ‘ఏఐ’ తగిలిస్తున్నారు. పాత పద్ధతుల కంటే ఇది నిజంగా మెరుగా, లేక ఒట్టి ప్రచారమా?

జవాబు: రా ఫైళ్ళ విషయంలో నిజంగానే మెరుగు. 1998లో టొమాసి, మండూచి ప్రతిపాదించిన బైలాటరల్ ఫిల్టర్ పక్కపక్కన ఉండి వెలుగులో ఒకేలా ఉన్న పిక్సెళ్ళను మాత్రమే సగటు తీసి అంచులను కాపాడింది. పైన చెప్పిన నాన్-లోకల్ మీన్స్ ఇంకా దూరం వెళ్ళి, ఫోటోలో ఎక్కడెక్కడో ఉన్న ఒకే రకమైన చిన్న ముక్కలను వెతికి కలిపింది. 2007 నాటి బీఎమ్3డీ అనే పద్ధతి ఆ ఆలోచననే ఎంతో మెరుగుపరిచింది. ఇవన్నీ మీ ఫోటోలో ఉన్న సమాచారంతోనే పని చేస్తాయి. ఏఐ సాఫ్ట్‌వేర్‌లో ఉండే న్యూరల్ నెట్‌వర్క్ అలా కాదు. నాయిస్ ఉన్నవి, లేనివి జతలుగా లెక్కకు మించిన ఫోటోలను చూపించి దానికి ముందే శిక్షణ ఇస్తారు. వెంట్రుక ఎలా ఉంటుంది, ఆకు అంచు ఎలా ఉంటుంది అన్న అవగాహనతో అది మీ ఫోటో దగ్గరికి వస్తుంది. దాని బలం అక్కడే ఉంది, ప్రమాదమూ అక్కడే ఉంది.

ప్రచారాన్ని నమ్మకపోవడానికి మాత్రం ఒక మంచి ఉదాహరణ చెబుతాను. 2017లో డార్మ్‌స్టాట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నిజమైన కెమెరాలతో తీసిన నాయిస్ ఫోటోల సంచయాన్ని తయారుచేసి అప్పటి కొత్త పద్ధతులను దాని మీద పరీక్షించారు. కంప్యూటర్‌తో కృత్రిమంగా నాయిస్ చేర్చిన ఫోటోల మీద గొప్పగా పనిచేసిన పద్ధతులు, నిజమైన ఫోటోల దగ్గరకు వచ్చేసరికి పదేళ్ళ నాటి బీఎమ్3డీ ముందు తేలిపోయాయి. శిక్షణలో ఏం చూపించారన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుందని అప్పటి నుంచి అందరూ ఒప్పుకున్నారు.

రా ఫైల్ అని ప్రత్యేకంగా ఎందుకు అన్నానంటే, అందులో ప్రతి పిక్సెల్ నాయిస్ దానికదే ఉంటుంది. పైన చెప్పినట్టు పక్క పిక్సెళ్ళను చూసి రంగులను పూరించే దశ దాటాక అది పక్క పిక్సెళ్ళలోకి పాకి మచ్చలుగా మారుతుంది. అప్పుడు నాయిస్ ఏదో వివరమేదో వేరుచేయడం కష్టం. 2020లో వచ్చిన డీఎక్స్ఓ డీప్‌ప్రైమ్, 2023 ఏప్రిల్‌లో అడోబీ లైట్‌రూమ్‌లో చేర్చిన డీనాయిస్ రా సమాచారం మీద పనిచేసి అంత పేరు తెచ్చుకోవడానికి ప్రధాన కారణం ఇదే.

ప్రశ్న: అయితే నా ఫోన్‌లోని జేపెగ్ ఫోటోలకు ఇవి పనికిరావా?

జవాబు: కొంతవరకే. ఫోన్ అప్పటికే కొన్ని ఫ్రేములను కలిపి, నాయిస్ తీసి, షార్ప్ చేసి, 8 బిట్లకు కుదించి, 8×8 పిక్సెళ్ళ గడులుగా కంప్రెస్ చేసి మీకిస్తుంది. మిగిలిన మచ్చలను సాఫ్ట్‌వేర్ వివరాలుగా పొరబడి ఇంకా గట్టిపరచే ప్రమాదం ఎక్కువ. మీ ఫోన్ కెమెరాలో రా లేదా డీఎన్‌జీ (ఒక రకం రా ఫైల్) ఆప్షన్ ఉంటే ముఖ్యమైన ఫోటోలకైనా దానిని వాడండి.

ప్రశ్న: చేయి కదలడం వల్ల మసకబారిన ఫోటోలను, ఫోకస్ తప్పిన ఫోటోలను కూడా సరిచేస్తామని ప్రకటనలు వస్తున్నాయి. పోయిన వివరం మళ్ళీ ఎలా వస్తుంది? ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను ఎలా పరీక్షించాలి?

జవాబు: మసకలన్నింటినీ ఒకే గాటన కట్టడం వల్లనే ఈ ప్రకటనలకు బలం వస్తోంది. లెన్స్ వల్ల, సెన్సర్ ముందుండే ఫిల్టర్ వల్ల, రంగులను పూరించడం వల్ల ప్రతి డిజిటల్ ఫోటోలోనూ కొంత మెత్తదనం ఉంటుంది. దానిని దాదాపు ఏ సాఫ్ట్‌వేరైనా బాగానే సరిచేస్తుంది. ఫోకస్ తప్పడం, కెమెరా కదలడం, మనిషి కదలడం వేరే జబ్బులు; వాటి మందులూ వేరు.

అందరూ వాడే అన్‌షార్ప్ మాస్క్ డార్క్‌రూమ్ రోజుల నుంచి వచ్చిన పద్ధతి. అంచుకు ఒకవైపు చీకటిని, మరోవైపు వెలుగును కొద్దిగా పెంచి స్పష్టత పెరిగిందన్న భావన కలిగిస్తుంది. పోయిన వివరాన్ని అది తిరిగి తేదు, తెస్తానని చెప్పదు కూడా. డీకన్వల్యూషన్ మరో రకం. ఒక చుక్క ఫోటోలో ఏ ఆకారంలో చెదిరిపోయిందో తెలిస్తే, లెక్కను వెనక్కి నడిపి అసలు చుక్క ఎక్కడుందో కనుక్కోవచ్చు. 1972లో రిచర్డ్‌సన్, 1974లో లూసీ విడివిడిగా ప్రచురించిన పద్ధతి నేటికీ ఎన్నో సాఫ్ట్‌వేర్‌లలో పనిచేస్తోంది. 1990లో అంతరిక్షంలోకి పంపిన హబుల్ టెలిస్కోపు అద్దం అంచుల దగ్గర సుమారు 2.2 మైక్రాన్ల మేర ఎక్కువ చదునుగా అరిగి ఉందని బయటపడినప్పుడు, 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్ళి సరిచేసే దాకా ఖగోళ శాస్త్రజ్ఞులు ఇలాంటి లెక్కలతోనే చాలా చిత్రాలను నెట్టుకొచ్చారు. అది అక్కడ పనిచేయడానికి కారణముంది. అద్దంలోని లోపం మారదు, నక్షత్రమనేది సిసలైన చుక్క కాబట్టి అది ఎలా చెదిరిందో నేరుగా కొలవవచ్చు. మీ చేయి సెకనులో 8వ వంతు కాలంలో ఏ దారిన కదిలిందో ఎవరూ కొలవలేదు. దగ్గరి వస్తువు, దూరపు వస్తువు, కదిలే మనిషి ఒకే ఫ్రేములో మూడు రకాలుగా చెదిరి ఉంటాయి. ఆ దారిని ఊహించడం, ఊహించిన దానిని తిరగేయడం, మిగిలిన ఖాళీలను శిక్షణలో చూసిన ఆకారాలతో పూరించడం అనే మూడు పనులనూ ఏఐ సాఫ్ట్‌వేర్ కలిపి చేస్తుంది. మూడో పని ఎక్కువయ్యే కొద్దీ ఫోటో బాగుపడినట్టే ఉంటుంది, నిజానికి దూరమవుతూ ఉంటుంది.

పరీక్ష ఇలా చేయండి. ట్రైపాడ్ మీద ఒక నిఖార్సైన ఫోటో తీసుకోండి. అదే దృశ్యాన్ని ఫోకస్ రింగ్‌ను కొంచెం తిప్పి మరొకటి, కెమెరాను చేత్తో పట్టుకుని సెకనులో 8వ వంతులో ఇంకొకటి తీయండి. చివరి రెండింటిని సాఫ్ట్‌వేర్‌కిచ్చి, మొదటి దానితో పోల్చండి. ముందుగా అక్షరాలు చూడండి. నిజాయితీగల సాఫ్ట్‌వేర్ చదవలేని అక్షరాన్ని చదవలేని అక్షరంగానే వదిలేస్తుంది. గడుసు సాఫ్ట్‌వేర్ దానిని ఏ భాషకూ చెందని స్పష్టమైన గుర్తుగా మారుస్తుంది. తర్వాత ఇటుకల గోడ, కంచె వంటి వరుస గీతలను, చెట్ల సన్నని కొమ్మలను చూడండి. ఒక కొమ్మ రెండుగా మారడం, గీతల సంఖ్య తగ్గడం అక్కడే దొరుకుతాయి. గుంపు ఫోటోలో వెనక వరుసలోని చిన్న ముఖాలను మాత్రం తప్పకుండా పెంచి చూడండి. ముఖాలను సరిచేసే ఆప్షన్ తెరిచి ఉంటే, పోలికలు మారిపోయిన మనుషులు, ఒకదానితో ఒకటి అతుక్కుపోయిన పళ్ళు ఎదురుపడతాయి. ఆత్మీయుల ఫోటోలో అది మసక కంటే పెద్ద నష్టం.

నా అభిప్రాయంలో కాస్త మెత్తగా ఉన్న ఫోటోకు ఈ సాఫ్ట్‌వేర్ ఉపయోగపడుతుంది, పూర్తిగా చెడిపోయిన ఫోటోకు ఉపయోగపడదు. వేదిక దగ్గరైనా మైదానంలోనైనా మసక వచ్చేలా నెమ్మది షట్టర్ ఉంచి ఐఎస్ఓను కాపాడుకోవడం కంటే, ఐఎస్ఓ పెంచి షట్టర్‌ను వేగంగా ఉంచడమే మేలు. నాయిస్‌ను తగ్గించడం నేటి సాఫ్ట్‌వేర్‌కు బాగా అలవడిన విద్య. కదలికను తిరగేయడం ఇంకా అలవడలేదు.

ప్రశ్న: ముందు నాయిస్ తీయాలా, ముందు షార్ప్ చేయాలా?

జవాబు: ముందు నాయిస్. షార్పెనింగ్‌కు అంచుకూ నాయిస్ రవ్వకూ తేడా తెలియదు, రెండింటినీ పెంచుతుంది. లైట్‌రూమ్‌లో మాస్కింగ్ స్లైడర్‌ను ఆల్ట్ కీ (మ్యాక్‌లో ఆప్షన్ కీ) నొక్కి పట్టుకుని జరిపితే తెల్లగా ఉన్నచోట మాత్రమే షార్పెనింగ్ పడుతుందని, నల్లగా మారిన చోట పడదని కనిపిస్తుంది. ఆకాశం, గోడలు, బుగ్గలు నల్లబడేదాకా జరిపి ఆపండి. ప్రింటుకో తెరకో సైజు కుదించాక మళ్ళీ వేసే తేలికపాటి షార్పెనింగ్ అన్నింటికంటే చివరిది. దానిని అసలు ఫైల్‌లో కలిపేయకండి.

ప్రశ్న: సమీక్షలలో పీఎస్ఎన్ఆర్, ఎస్ఎస్ఐఎమ్ అని అంకెలిస్తున్నారు. ఎక్కువ అంకె వచ్చినదే మంచిదనుకోవచ్చా?

జవాబు: అంకె ఒక వైపు మాత్రమే చూపిస్తుంది. పీఎస్ఎన్ఆర్ డెసిబెళ్ళలో ఉంటుంది; శుభ్రం చేసిన ఫోటో అసలు ఫోటోకు పిక్సెల్ పిక్సెల్‌గా సగటున ఎంత దూరంలో ఉందో చెబుతుంది. 2004లో వచ్చిన ఎస్ఎస్ఐఎమ్ వెలుగు, కాంట్రాస్ట్, నిర్మాణం వంటివాటిని చిన్న చిన్న భాగాలలో పోల్చి మనిషి చూపుకు ఇంకొంచెం దగ్గరవుతుంది. సగటు దోషం తక్కువగా ఉండాలని శిక్షణ పొందిన సాఫ్ట్‌వేర్, తనకు అనుమానం ఉన్నచోట సాధ్యమైన జవాబులన్నింటికీ మధ్యస్థంగా, అంటే మెత్తగా ఏదో గీసి ఊరుకుంటుంది. దానికి మంచి అంకె వస్తుంది, ఫోటో మాత్రం మైనంలా ఉంటుంది. అనుమానం ఉన్నచోట ధైర్యంగా ఒక జవాబును ఎంచుకుని పదునుగా గీసే సాఫ్ట్‌వేర్ సహజంగా కనిపిస్తుంది, కానీ ఎంచుకున్నది తప్పైతే అంకె పడిపోతుంది. ఈ రెండింటినీ ఒకేసారి శిఖరానికి చేర్చడం సాధ్యం కాదని 2018లో బ్లావ్, మికాయెలీ అనే పరిశోధకులు గణితపరంగా చూపించారు. కాబట్టి సాఫ్ట్‌వేర్ తయారుచేసినవారు ఎటువైపు మొగ్గారో, మీ పనికి ఎటువైపు మొగ్గు కావాలో చూసుకోవాలి. పరికరాల లోపాలను నమోదు చేసే ఫోటోలు తీసేవారికి మైనమే క్షేమం. గోడకు తగిలించే ప్రకృతి దృశ్యానికి కాదు.

ప్రశ్న: నేను పక్షుల ఫోటోలు తీస్తాను. దూరంగా ఉన్న పక్షిని క్రాప్ చేసి ఏఐతో నాయిస్ తీస్తే ఈకలు ఆశ్చర్యపోయేంత స్పష్టంగా వస్తున్నాయి. వీటిని పోటీలకు పంపవచ్చా? జాతి గుర్తింపుకు వాడవచ్చా?

జవాబు: రెండో ప్రశ్నకే ముందు జవాబు చెప్పాలి, అది ఎక్కువ ముఖ్యం కాబట్టి. జాతి గుర్తింపు కోసం శుభ్రం చేయని ఫోటోనే వాడండి. దగ్గరి పోలికలున్న జాతులను వేరుచేసేది ఒక్కోసారి రెక్క మీది ఒక సన్నని చార, ఈక అంచు రంగు మాత్రమే. ఫ్రేములో కొన్ని పదుల పిక్సెళ్ళ ఎత్తు మాత్రమే ఉన్న పక్షి మీద ఆ చారను సెన్సర్ నిజంగా నమోదు చేసిందా, లేక ఈకలంటే ఇలా ఉంటాయి అని నేర్చుకున్న నెట్‌వర్క్ గీసిందా అన్నది ఫలితాన్ని చూసి చెప్పడం అసాధ్యం. ఒక పని చేయవచ్చు. వరుసగా తీసిన నాలుగైదు ఫ్రేములను విడివిడిగా శుభ్రం చేసి పోల్చండి. అన్నింటిలో ఒకేచోట ఉన్న చారను చాలావరకు నమ్మవచ్చు. ఒక ఫ్రేములో ఉండి పక్క ఫ్రేములో మాయమయ్యే చార ఊహ. ఈకలు ఆశ్చర్యం కలిగించేంత బాగున్నాయని మీరే రాశారు. ఆ ఆశ్చర్యాన్ని అనుమానంగా మార్చుకోండి.

పోటీల విషయంలో ప్రతి పోటీ నియమావళినీ విడిగా చదవాలి. ఉదాహరణకు వరల్డ్ ప్రెస్ ఫోటో 2025 పోటీ నియమాలు, కొత్త సమాచారం చేరనంతవరకు నాయిస్ తగ్గించే ఆటోమేటిక్ సాధనాలను అనుమతిస్తూనే, అడోబీ సూపర్ రిజల్యూషన్, టోపాజ్ ఫోటో ఏఐ వంటి ఏఐతో ఫోటోను పెద్దది చేసే సాధనాలను పేరుపెట్టి తోసిపుచ్చాయి. గీత ఎక్కడ గీస్తున్నారో దీనిని బట్టి అర్థమవుతుంది. తుది దశకు చేరిన ఫోటోలకు అసలు రా ఫైల్ అడగడం ప్రకృతి ఫోటోల పోటీలలో మామూలే కాబట్టి, శుభ్రం చేసిన ఫైల్‌ను మాత్రమే దాచుకుని రా ఫైల్‌ను చెరిపేసే అలవాటుంటే వెంటనే మానుకోండి.

ప్రశ్న: ఉచిత సాఫ్ట్‌వేర్‌తో సరిపెట్టుకోవచ్చా? నా కంప్యూటర్ కూడా పాతది.

జవాబు: ఐఎస్ఓ 1600, 3200 దాకా నిస్సంకోచంగా సరిపెట్టుకోవచ్చు. డార్క్‌టేబుల్‌లోని ప్రొఫైల్డ్ డీనాయిస్, ఏ కెమెరా ఏ ఐఎస్ఓ దగ్గర ఎంత నాయిస్ ఇస్తుందో ముందే కొలిచిపెట్టుకున్న వివరాల ఆధారంగా పనిచేస్తుంది. దానిని రంగు నాయిస్ మీద మాత్రమే ప్రయోగించి వెలుగు నాయిస్‌ను కొంత వదిలేస్తే ఫోటో చాలా సహజంగా ఉంటుంది. మన కన్ను రంగులోని సూక్ష్మ వివరాలను పెద్దగా పట్టించుకోదు కాబట్టి రంగు మచ్చలను ఎంత తుడిచినా నష్టం తక్కువ. రాథెరపీలో 2020 నుంచి ఉన్న క్యాప్చర్ షార్పెనింగ్, పైన చెప్పిన రిచర్డ్‌సన్-లూసీ పద్ధతినే వాడుతుంది. ఫోటో తీసేటప్పుడే వీలుంటే, కదలని దృశ్యానికి 16 ఫ్రేములు తీసి సగటు కలపండి. నాయిస్ నాలుగో వంతుకు తగ్గుతుంది, అందులో ఊహ అన్నదే ఉండదు.

ఐఎస్ఓ 12800 దాటిన రా ఫైళ్ళ దగ్గర ఏఐ సాఫ్ట్‌వేర్ స్పష్టంగా పైచేయి సాధిస్తుంది. కానీ అవి గ్రాఫిక్స్ కార్డు మీద ఆధారపడతాయి. మంచి కార్డు మీద సెకన్లలో పూర్తయ్యే ఫోటో, అది లేని పాత కంప్యూటర్ మీద చాలా నిమిషాలు తీసుకోవచ్చు. రంగు పూరించడం పూర్తయిన డీఎన్‌జీని రాసే సాఫ్ట్‌వేర్ అయితే ప్రతి పిక్సెల్‌కూ మూడు రంగుల విలువలు దాచాలి కనుక ఫైల్ సైజు అసలు రా కంటే ఎన్నో రెట్లు పెరగవచ్చు. ట్రయల్ గడువులో ఒక్క ఫోటో కాదు, మీరు మామూలుగా ఒక రోజులో తీసే ఫోటోలన్నింటినీ ఒకే విడతలో నడిపించి, పట్టిన సమయాన్ని, డిస్క్‌లో తగ్గిన ఖాళీని రాసుకోండి. అంతగా కాచుకోవడం కష్టమనిపిస్తే తీసిన ప్రతి ఫోటోనూ కాక, ముందుగా ఏరుకున్న వాటిని మాత్రమే దానికి ఇవ్వండి.